జొన్నరొట్టె అయిపోయాక భోజనం

మా బామ్మర్ది ఇరవై ఎనిమిదేళ్లుగా లారీ నడుపుతున్నాడు. కరీంనగర్ దగ్గరి ఒక రైస్ మిల్లులో బియ్యం ఎత్తుకుని లక్సెట్టిపేట, మంచిర్యాల, చంద్రాపూర్ మీదుగా నాగపూర్ వెళతాడు. ఒక్కోసారి జబల్‌పూర్ దాకా వెళతాడు. నెలలో ఇరవై రోజులు క్యాబినే ఆయనకు ఇల్లు. ఇంట్లో ఉండే పది రోజులూ తిండి సంగతి భార్య చూసుకుంటుంది. మిగతా ఇరవై రోజులు ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న మా కుటుంబంలో ఎవరికీ తట్టలేదు. మొన్నటి వర్షాకాలంలో ఒక డాక్టర్ అడిగాకే తట్టింది.

ఆ డాక్టర్ చేసిన రక్తపరీక్షలు మిల్లు యజమాని తన డ్రైవర్లందరికీ చేయించినవి. అందుకని కాగితం ముందు ఆయన చేతికే వెళ్లింది. మూడు నెలల సగటు షుగర్ చూపించే పరీక్షలో మా బామ్మర్దికి పది దాటింది. డాక్టర్ మందులు మార్చి, మూడు నెలలు తిండి సరిచేసుకోమని, అప్పటికీ తగ్గకపోతే ఇన్సులిన్ మొదలుపెడదామని చెప్పాడు. యజమాని మంచి మనిషే, కానీ భయస్తుడు. సూది వేసుకునే మనిషి చేతికి బండి ఇవ్వలేనని, నడిరోడ్డు మీద కళ్లు తిరిగితే జవాబు చెప్పుకోలేనని అన్నాడట.

ఆ సాయంత్రం బామ్మర్ది మా ఇంటికి వచ్చి, చెప్పులు విడవకుండానే గడప మీద కూర్చున్నాడు.

"బావా, షుగర్ తగ్గకపోతే మిల్లు గేటు కాడ కుర్సీ ఏస్తడట. కూసుండి వచ్చేటోళ్లకు, పోయేటోళ్లకు గేటు తియ్యాల్నట."

గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో బతికిన మనిషికి కుర్చీ ఎలాంటిదో ఆయన ముఖం చూస్తే తెలిసింది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను లేచి లోపలికి వెళ్లి స్కేలు, పెన్సిల్ తెచ్చుకున్నాను.

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ముప్పై నాలుగేళ్లు ల్యాబ్ అసిస్టెంట్‌గా పని చేశాను. ఏ సీసాలో ఏ ద్రావణం ఎంత ఉందో రోజూ రాయడం నా ఉద్యోగం. ఉద్యోగంలో చేరిన రోజు మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ ఆగలేదు. ఏ పనికైనా ముందు ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి కాబట్టి, కిందటి ట్రిప్పులో తిన్నదంతా చెప్పమన్నాను. రెండు పేజీలు నిండాయి. చాయ్ అని చెప్పిన ప్రతిసారీ చక్కెర ఎంత అని అడిగాను. గ్లాసులో ఎంత పడితే అంత అన్నాడు. కూరగాయలు ఏమైనా తిన్నావా అంటే కాసేపు ఆలోచించి, మిర్చి బజ్జీలు తిన్నానన్నాడు. అది కూరగాయ కాదన్నాను. లోపల మిరపకాయ ఉంది కదా అని ఆయన వాదన. పది నిమిషాల చర్చ తర్వాత బజ్జీని ఏ వర్గంలోనూ చేర్చకుండా వదిలేశాను.

మహారాష్ట్ర వైపు మనవాళ్లెవరూ లేరు. ఏదైనా దాబాలో జొన్నరొట్టె, శనగపిండి కూర తిను అని ఒక్క వాక్యం చెప్పి ఆ భాగం ఆయనకే వదిలేశాను. ఇటువైపు మాత్రం చక్కగా ఇద్దరు చుట్టాలు దారి మీదే ఉన్నారు. ఒకరు లక్సెట్టిపేటలో మా వదిన, అంటే మా ఆవిడకూ బామ్మర్దికీ పెద్దక్క. వాళ్ల ఇల్లు రోడ్డు పక్కనే. రెండోవాడు కాగజ్‌నగర్‌లో బామ్మర్ది వియ్యంకుడు. పేపర్ మిల్లులో పని. బామ్మర్ది కూతుర్ని ఆయన కొడుక్కే ఇచ్చాం. కాగజ్‌నగర్ క్రాస్‌రోడ్డు దగ్గర లారీ ఆగితే ఆయన మోటార్ సైకిల్ మీద వచ్చి క్యారియర్ ఇచ్చి వెళ్లగలడు. వెళ్లేటప్పుడు రెండు పూటలు, వచ్చేటప్పుడు రెండు పూటలు మన చేతిలో ఉంటాయన్నమాట. పరాయి దాబావాడికి మన మనిషి ఆరోగ్యం మీద ఏం శ్రద్ధ ఉంటుంది, చుట్టాలకైతే ఉంటుంది అనుకున్నాను. ఆ వాక్యం అలాగే డైరీలో ఉంది. కింద గీత కూడా గీశాను.

తెల్ల కాగితం మీద ఆరు గళ్లు గీశాను. తేదీ, సమయం, రొట్టెలు లేక గట్క అనే జొన్నరవ్వ సంకటి, ఆకుకూర, పప్పు లేక గుగ్గిళ్లు, మజ్జిగ. దాని ఫొటో ఇద్దరికీ పంపించి, ఆరోగ్యానికి మంచిదని ఇలా అనుకున్నాం, ఇదే పెట్టండి అని ఫోన్‌లో చెప్పాను. షుగర్ మాట ఎత్తవద్దని బామ్మర్ది ముందే బతిమాలుకున్నాడు కాబట్టి ఎత్తలేదు. ఇద్దరూ మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.

పని గడియారంలా నడిచింది. లారీ లక్సెట్టిపేట దాటిన పావుగంటకు నేను వదినకు ఫోన్ చేసేవాణ్ని. రొట్టెలెన్ని? రెండు. కూర ఏమిటి? తోటకూర. మజ్జిగ తాగాడా? తాగాడు. సాయంత్రం వియ్యంకుడు నేను అడగకముందే చెప్పేసేవాడు, గట్క ఒక గిన్నె, పెసర గుగ్గిళ్లు, పుంటికూర అని. పుంటికూరంటే మా వైపు గోంగూర. నెలన్నరలో ఆరు ట్రిప్పులు, ఇరవై నాలుగు పూటలు, ఒక్క గడి కూడా ఖాళీ లేదు. మా ఆవిడకు ఆ కాగితాలు చూపించి, మనుషులకు పద్ధతి ఒకటి చూపిస్తే చాలు, వాళ్లే పాటిస్తారని చెప్పాను. బామ్మర్ది చొక్కా పొట్ట దగ్గర బిగుసుకుంటున్న సంగతి కూడా గమనించాను. కొత్త సబ్బుకు బట్ట ముడుచుకుందని రాసుకున్నాను.

నెలన్నర నిండాక, ఎంత తగ్గిందో చూద్దామని మా వీధి చివరి ల్యాబ్‌లో పరగడుపున రక్తం ఇప్పించాను. మొదటి పరీక్షల్లోని పరగడుపు షుగర్ కంటే పెరిగింది.

ల్యాబ్ వాళ్లను మళ్లీ చేయమన్నాను. మళ్లీ అంతే వచ్చింది. ఇంటికి వచ్చి నా కాగితాలన్నీ మొదటి నుంచి సరిచూసుకున్నాను. వాటిలో తప్పేమీ లేదు. కాబట్టి తప్పు మహారాష్ట్రలో ఉండాలి. బామ్మర్దిని కూర్చోబెట్టి, అక్కడ దొంగతనంగా ఏం తింటున్నావని అడిగాను.

"ఒకసారి నువ్వే వచ్చి సూడు బావా," అన్నాడు ఆయన.

అలా డెబ్బై ఒకటో ఏట నేను లారీ ఎక్కాను. ఎక్కడానికి మూడు మెట్లున్నాయి, అవి ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉన్నాయి. బామ్మర్ది పైనుంచి చేయి పట్టుకున్నాడు. మిల్లు హమాలీ ఒకాయన కింది నుంచి, మరో దారి లేక, బియ్యం బస్తాను ఎత్తినట్టే ఎత్తాడు.

మధ్యాహ్నానికి లక్సెట్టిపేట చేరాం. హారన్ రెండుసార్లు మోగిందో లేదో వదిన గేటు దగ్గర ఉంది. చాప వేసి కూర్చోబెట్టి, పళ్లెంలో రెండు జొన్నరొట్టెలు, తోటకూర, పప్పు పెట్టింది. పక్కన చెంబుతో మజ్జిగ. నువ్వు చెప్పినదాంట్లో ఒక్కటీ తప్పలేదు చూసుకో అంది. నిజంగానే తప్పలేదు. తృప్తిగా తిన్నాం. జేబులోంచి కాగితం తీసి ఆరు గళ్లూ అక్కడే నింపి, చేయి కడుక్కుందామని లేచాను.

"అట్ల లేస్తున్నవేంది మరిదీ? అన్నం తినవా?"

ఇప్పుడే తిన్నాం కదా వదినా అన్నాను.

"గది నీ కాయిదం తిండి. గది అయిపాయె. ఇగ కూసోని అన్నం తిను."

లోపలి నుంచి బగారన్నం వచ్చింది. నాటుకోడి కూర వచ్చింది. గారెలు వచ్చాయి. నాకు భక్ష్యాలంటే ఇష్టమని ఆవిడకు నా పెళ్లి నాటి నుంచి తెలుసు, అవీ వచ్చాయి, వాటి మీద నెయ్యి వచ్చింది. నేను బామ్మర్ది వైపు చూశాను. ఆయన అప్పటికే తల వంచుకుని తింటున్నాడు, రోజూ చేసే పని చేస్తున్నట్టు.

ఇన్ని రోజులూ ఫోన్‌లో నాకు ఇదంతా ఎందుకు చెప్పలేదని వదినను నిలదీశాను. ఆవిడ గరిటె పట్టుకుని నా ముందు నిలబడింది.

"నువ్వు అడిగినవా? రొట్టెలెన్నంటివి, రెండంటి. కూరేందంటివి, తోటకూరంటి. సల్ల తాగిండా అంటివి, తాగిండంటి. నేను ఒక్క అబద్ధమన్న ఆడిన్నా?"

ఆడలేదు. కాలేజీ స్టాకు రిజిస్టర్‌లో ప్రతి పేజీకీ చివర 'ఇతరములు' అని ఒక గడి ఉండేది. ముప్పై నాలుగేళ్లు ఆ గడిని నేనే గీశాను. ఈ కాగితంలో గీయలేదు. నాటుకోడి సరిగ్గా ఆ లేని గడిలోంచి నడిచి వెళ్లింది.

తమ్ముడు ఇంటి ముందుకు వచ్చినప్పుడు రొట్టె, ఆకు పెట్టి పంపితే పక్కింటివాళ్లు ఏమనుకుంటారని వదిన అడిగింది. అప్పటికి నా నోటిలో భక్ష్యం ఉంది.

కాగజ్‌నగర్ క్రాస్‌రోడ్డుకు పొద్దు గుంకే వేళకు చేరాం. వియ్యంకుడు షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. మోటార్ సైకిల్ వెనక సీటు మీద ఐదు గిన్నెల టిఫిన్ క్యారియర్ తువ్వాలతో కట్టి ఉంది. దాని పక్కన రెండోది కూడా ఉంది. సారు వస్తున్నాడని వదిన ఫోన్ చేసిందట. పై గిన్నెలో గట్క, గుగ్గిళ్లు. వాటిని ముందు పెట్టి, మేము తినేదాకా పక్కన నిలబడ్డాడు, బడిలో హోంవర్క్ చూపించిన పిల్లవాడిలాగా. ఆ గిన్నె ఖాళీ కాగానే, నా పద్ధతి పూర్తయిందన్నట్టు నాకు నమస్కారం పెట్టి, కింది నాలుగు గిన్నెలూ విప్పాడు.

వాటిలో ఏమున్నాయో ఇక్కడ రాయను. డైరీలో రాశాను, అక్కడ పేజీ చాలలేదు. వద్దని నేను కొంచెం గట్టిగానే అన్నాను.

"సారూ, పిల్లనిచ్చిన బావకు గట్క పెట్టి తోలిన్నని మా పాలోళ్లకు తెలిస్తే నేను మొఖమెట్ల సూపియ్యాలె?" అని తన దాయాదుల మాట ఎత్తి అడిగాడు ఆయన. అడుగుతూనే నా పళ్లెంలో ఇంకో ముక్క వేశాడు.

ఆయన వెళ్లిపోయాక లారీ పక్కన నడుముకు చేతులు ఆనించి నిలబడ్డాను. కూర్చునే పరిస్థితి లేదు. బామ్మర్ది టైర్లను తట్టి చూసుకుంటూ, నన్ను చూడకుండానే అన్నాడు.

"మహారాష్ట్రల నన్నెవ్వలు ఎరుకపట్టరు బావా. జొన్నరొట్టె అంటే జొన్నరొట్టే పెడ్తరు, తింట, లేస్త. నువ్వు సూసుకునే రెండు జాగలల్లనే నాకు తిండి మోపయితుంది."

నేను అక్కడే బస్సెక్కి ఇంటికి వచ్చాను. కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. ఆగకుండా వెళ్లిపొమ్మని చెప్పడానికి లేదు. ఆ లారీ హారన్‌ను వదిన వంటింట్లోంచి గుర్తుపడుతుంది. ఇంటి ముందు నుంచి ఆగకుండా పోతే అది కోపంతో పోయినట్టు లెక్క, తర్వాత పెద్దమనుషులు కూర్చోవాల్సి వస్తుంది. ఆగితే తినాలి. తింటే కుర్చీ.

ఇంటికి వచ్చాక ఒక సంగతి తట్టింది. వదిన శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. ఆ రోజు ఆవిడను ఎవరూ తినమని బలవంతపెట్టరు. మా వైపు, డాక్టర్ వద్దన్నాడంటే ఒక్క ముద్దే కదా అంటారు కానీ, ఒక్కపొద్దు అంటే చేయి వెనక్కి తీసుకుంటారు. స్కేలు తీసి ఏడు గళ్లు గీశాను. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం సాయిబాబా, శుక్రవారం అమ్మవారు, శనివారం వెంకటేశ్వరస్వామి. బుధవారానికి కొంచెం వెతుక్కోవలసి వచ్చింది, వినాయకుణ్ని పెట్టాను. ఆదివారం సూర్యుడు. బండి ఏ రోజు ఏ ఊరు చేరినా ఒక దేవుడు సిద్ధంగా ఉంటాడు. మా ఆవిడ ఆ కాగితాన్ని చదివి, ఇంత భక్తి పూజారికి కూడా ఉండదంది. దేవుళ్ల పేరు మీద ఈ అబద్ధాలేంటని కూడా అడిగింది. తక్కువ తినడంలో అబద్ధం ఏముందని నేను సర్దిచెప్పాను. బామ్మర్ది ఇష్టం లేకుండానే తీసుకెళ్లాడు.

దేవుళ్ల జాబితా ఒక్క ట్రిప్పు మాత్రమే నడిచింది.

ఒక్కపొద్దు వాళ్లకు ఫలహారం పెట్టాలన్న సంగతి నేను మరిచిపోయాను. లక్సెట్టిపేటలో వదిన సాబుదానా కిచిడీ చేసి, నాలుగు అరటిపండ్లు, బెల్లం కలిపిన పాలు పెట్టింది. తమ్ముడికి భక్తి కుదిరిందని కళ్లనీళ్లు పెట్టుకుని ఒక కొబ్బరికాయ కూడా ఇచ్చింది. కాగజ్‌నగర్‌లో ఇంకా ముదిరింది. వారమంతా ఒక్కపొద్దు ఉంటూ లారీ నడిపే బావను చూపించడానికి వియ్యంకుడు తన పాలివాళ్లు ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒకాయన పేడాల డబ్బా తెచ్చాడు. రెండో ఆయన పెద్ద మనిషి, బామ్మర్ది కంటే వయసులో పదేళ్లు పెద్ద. ఆయన వంగి కాళ్లు మొక్కబోయాడు.

తర్వాత జరిగింది నాకు బామ్మర్ది చెప్పాడు, వియ్యంకుడు విడిగా చెప్పాడు. రెండూ రాసుకున్నాను, తేడా లేదు.

బామ్మర్ది ఆ పెద్దాయన భుజాలు పట్టుకుని ఆపాడు.

"నాకు మొక్కకే. నేను ఒక్కపొద్దు లేను, ఏం లేను. నాకు షుగర్ ఉన్నది. ఇంకో నెలల తగ్గకపోతే నా బండి గుంజుకుంటరు."

పేడాల డబ్బా మూత పడింది. ముందే ఎందుకు చెప్పలేదని వియ్యంకుడు అడిగాడు.

"ఏమని చెప్పాలె బావా. బిడ్డనిచ్చిన ఇంట్ల నాకు రోగమున్నదని ఎట్ల చెప్పుకోవాలె."

వియ్యంకుడు క్యారియర్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి, తువ్వాలతో మళ్లీ కట్టి, విప్పకుండానే ఇంటికి తీసుకుపోయాడు. తెల్లారి వదినకు ఫోన్ చేసి సంగతి చెప్పింది కూడా ఆయనే. వదిన వెంటనే నాకు చేసింది. అరగంట మాట్లాడింది. నేను రెండుసార్లు "అవును వదినా" అన్నాను. ఆ అరగంటలో నిలిచిన మాట ఒకటే.

"కాయిదం పంపినవ్ గని సంగతి పంపలే. సంగతి చెప్తే మేము తమ్ముని బండి పోనిచ్చేటోళ్లమా?"

ఎన్ని రొట్టెలో రాశాను, ఏ కూరో రాశాను, ఎందుకో మాత్రం రాయలేదు. బామ్మర్ది వద్దన్నాడన్నది నిజమే. కానీ ఆ మాట వినడం నాకూ సుఖంగానే ఉండింది. కారణం చెప్పాలంటే మనుషులతో మాట్లాడాలి, గళ్లకు ఆ బాధ లేదు.

ఆ తర్వాతి పద్ధతులు నావి కావు. వియ్యంకుడు తర్వాతి ట్రిప్పుకు రెండు గిన్నెల చిన్న క్యారియర్ తెచ్చి, గట్క, పుంటికూర రెండు పళ్లాల్లో సమంగా వేసి, తను కూడా పక్కన కూర్చుని తిన్నాడు. తను తినేదే బావకు పెట్టినప్పుడు అందులో ఇజ్జత్ తక్కువ ఏముందని పాలివాళ్లకు తనే చెప్పుకున్నాడట. మొదటి రోజు గట్క ఆయన గొంతు దిగలేదని, మంచినీళ్ల బాటిల్ మొత్తం తాగాడని బామ్మర్ది చెప్పాడు.

వదిన ఆలోచన ఇంకా గట్టిది. మనిషి చాప మీద కూర్చుంటే చుట్టం వచ్చినట్టు. చుట్టం వస్తే అన్నం పెట్టక తప్పదు. కాబట్టి ఆయన్ను కూర్చోనివ్వద్దు. లారీ ఆగగానే ఆవిడే గేటు బయటికి పళ్లెం తెచ్చేది. బామ్మర్ది పాలు పోయడానికి వచ్చిన మనిషిలా ప్రహరీ గోడ పక్కన నిలబడి రెండు రొట్టెలు తిని, మజ్జిగ తాగి, చెంబు గోడ మీద పెట్టి వెళ్లిపోయేవాడు. ఒకసారి వాన పడుతుంటే కూడా లోపలికి రానివ్వలేదు. గొడుగు పట్టుకుని తనే పక్కన నిలబడింది. పక్కింటావిడ తమ్ముణ్ని గుమ్మం బయట నిలబెట్టావేమని అడిగితే, ఆయన ఇంకా రాలేదు, దారిలో ఉన్నాడని చెప్పిందట.

ఆ నెల అంతా నేను ఫోన్ చేయలేదు. చేయవద్దని మా ఆవిడ ఫోన్ తన దగ్గరే పెట్టుకుంది.

మూడు నెలలు నిండిన రోజు బామ్మర్ది, నేను, మా ఆవిడ ముగ్గురం ఆస్పత్రికి వెళ్లాం. బామ్మర్ది ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దాని గుండీలు సులువుగా పడ్డాయి. నేను నా కాగితాలన్నీ సంచిలో తెచ్చాను కానీ డాక్టర్ అడగలేదు. రిపోర్టు చూసి, ఏడున్నరకు వచ్చింది, ఇన్సులిన్ ఇప్పుడు అవసరం లేదు, మందులు మానవద్దు, తిండి ఇలాగే ఉంచుకోమని చెప్పాడు. ఇంకా తగ్గాలని కూడా అన్నాడు. ఆ చివరి మాట బామ్మర్దికి వినపడిందో లేదో. ఆయన అప్పటికే తలుపు దగ్గరున్నాడు.

అక్కడి నుంచి నేరుగా మిల్లుకు వెళ్లాం. యజమాని లారీలు తూచే కాటా గదిలో ఉన్నాడు. కళ్లజోడు పెట్టుకుని రిపోర్టు చదివాడు, తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. ఏం తిన్నావని అడిగాడు. గట్క అన్నాడు బామ్మర్ది. యజమాని తన బల్ల మీదున్న సమోసా పొట్లాన్ని నెమ్మదిగా కాగితాల కిందికి జరిపాడు.

"సరే. పొద్దుగాల నాగపూర్ లోడ్ ఉన్నది. బండి తీస్కపోయి ప్లాట్‌ఫాం కాడ పెట్టు," అన్నాడు.

బామ్మర్ది దండం పెట్టలేదు, నవ్వలేదు. ఆవరణ దాటి వెళ్లి మూడు మెట్లూ మూడు అంగల్లో ఎక్కేశాడు. నేను లారీ ముందు నిలబడి, టైము చూసి, డైరీలో ఏడున్నర అని రాసి దాని కింద గీత గీస్తున్నాను. ఇంజన్ మొదలైంది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"బావా, జర పక్కకు జరుగు. బండి తీస్తున్న."

జరిగాను.